తెలుపు నాలుగు, నీలం రెండు

నవ్వేవాళ్లుంటే ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే నాకు మండుతాది. నా బిడ్డ తలమీద చెయ్యి పెట్టి చెప్తా ఉండా... ఇది జరిగింది. నాకే జరిగింది. ఒక్క మాట కూడా కలపలా. కలపాలనుకుంటే ఇంకా బాగా కలిపి ఉంటా, నా నోటి సంగతి మీకు తెలుసు.

డ్రైవరన్న మన కంపెనీ వ్యాను టైరు మార్చేదానికి ఎట్లాగూ అర్ధగంట పడతాది. గుడియాత్తం ఇంకా దూరం ఉండాది. ఫిలోమీ, ఆ కిటికీ మూసెయ్. చలికి కాదు... ఇది చెప్పేటప్పుడు వెనక తెరిచి ఉంటే నాకు ఒక మాదిరిగా ఉంటాది.

మా నాయన మగ్గం మనిషి. నలభై ఏండ్లు గుంతలో కాళ్లు పెట్టుకోని లుంగీలు నేసినాడు. పోయినేడు నూలు కట్ట సైకిలుకు కట్టుకోని వస్తా ఉంటే వెనకనించి బైకువాడు గుద్దినాడు. తల ఎడమ పక్క రోడ్డుకు తగిలింది. వేలూరుకు ఎత్తకపోయినాం. పెద్దాసుపత్రి కాదు, ఒక సందులో ఉండే నర్సింగ్ హోము. పేరు అడగొద్దు, చెప్పను.

ఆపరేషన్ చేసినారు. ప్రాణం నిలిచింది. కుడి చెయ్యి, కుడి కాలు, నోరు ఒక పక్క పడిపోయినాయి. ముక్కులో పైపు. మాట పోయింది. నోరు తెరిస్తే గొంతులోంచి ఒక గరగర... అంతే.

చేర్చిన రోజు ఒక కాగితం నింపినారు. పేరు, వయసు, ఊరు. 'భాష' అని ఒక గడి. మా అన్న దేవరాజు తమిళం అని చెప్పినాడు. నేను పక్కనే ఉండా. నేనూ ఊ అన్నా. దీన్ని గుర్తు పెట్టుకోండి. తరవాత చెప్తా.

ఇంగ అక్కడ మూడు వారాలు మేం పడింది... తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతాది. నర్సు వచ్చి మంచం కాడ నిలబడి, "ఇవరుకు ఒన్నుమే పురియాదు" అంటాది. ఈయనకి ఏమీ అర్థం కాదని. ఎవరి ముందర? ఆయన ముందరే. ఆయన కండ్లు తెరుచుకోని ఆమె మొహమే చూస్తా ఉంటాడు. తెర లాక్కుండా గుడ్డలు మారుస్తారు. ఏమంటే, ఆయనకి తెలీదంట. తెలీకపోతే సిగ్గు కూడా పోతాదా? నలభై ఏండ్లు ఊరికంతా గుడ్డ నేసిన మనిషి. ఆయన ఒంటి మీద గుడ్డ లేకుండా వార్డంతా చూస్తా ఉండె.

అన్న కూడా అదే పాట. "వసంతా, నాయనకేమీ తెలీదు. మనమే ఏడస్తా ఉండాం," అంటాడు.

రెండు రోజులకు ఒకసారి మాట డాక్టరమ్మ వస్తాది. మాట పోయినోళ్లకి మాట నేర్పించేదే ఆమె పని. కండ్లద్దాలు, నెరిసిన జడ. కసురుకునేది కాదు, ఆ మాట చెప్పాల. బొమ్మల అట్టలు చూపించి అరవంలో అడుగుతాది. కైయ తూక్కుంగ... చెయ్యెత్తండి. కన్న మూడుంగ... కండ్లు మూసుకోండి. నాయన ఆమె నోరు చూస్తాడు. చాలా కష్టపడి చూస్తాడు. కానీ ఏమీ చెయ్యడు. ఆమె కాగితం మీద ఒక ఇంటూ మార్కు వేస్తాది. ఆ పెన్ను గీసే సద్దు నాకు ఎముకల్లో గీసినట్ల ఉండె.

చివరికి ఒక మాట తేల్చి చెప్పినారు. సోమవారం పొద్దున ఆఖరి పరీక్ష. చెప్పింది ఏదో కొంచెమన్నా అర్థమైతే పెట్టుకోని మాట నేర్పిస్తారు. ఏమీ అర్థం కాలేదంటే ఇంటికి తీసకపోవచ్చు, ఇంగ నేర్పించేది ఏమీ ఉండదు. అన్న అప్పటికే కనియంబాడి పక్కన ముసలోళ్ల హోము ఒకటి చూసి పెట్టినాడు. నాతో చెప్పింది కూడా నాయన తలకాడ నిలబడే.

సరే... ఆ ముందు రేత్రి. ఆదివారం.

అన్న ఇంటికి పోయినాడు. నేనొక్కతే ఉండా. వార్డులో ఆరు మంచాల్లో నాలుగు ఖాళీ. పక్క మంచంలో కె.వి. కుప్పం పెద్దాయన ఒకాయన. ఆయన మంచం పక్కన కింద ఆయన పెండ్లాం, అవ్వ, పడుకోనుండాది. అరవం అవ్వ. తెలుగు ఒక్క ముక్క రాదు. వాకిలి కాడ ఒకే ఒక ట్యూబులైటు. జుయ్‌మంటా ఉండె. నేను నాయన మంచం కింద చాప వేసుకోని పడుకున్నా.

ఎంత టైమో తెలీదు. మెలకువ వచ్చింది. ఎందుకొచ్చిందో మొదట తెలీలా.

టక్.

ఆగింది.

టక్... మళ్లా ఆగింది.

నా తల మీదనే. మంచం కమ్మి మీద గోటితో కొట్టినట్ల. ఎలుకేమో అనుకున్నా. ఎలుక ఇంత పద్ధతిగా కొట్టదు. టక్... నాలుగు ఊపిర్లు పీల్చినంత సేపు... టక్. ఈ పద్ధతి నాకు తెలుసు. యాడ విన్నానో గుర్తు రాలా. కానీ అరికాళ్లు చల్లబడినాయి.

అప్పుడు గొంతు వచ్చింది.

"తెలుపు... నాలుగు."

నాయన గొంతు. గరగర కాదమ్మా. మగ్గం కాడ ఉండే గొంతు. తేటగా.

టక్.

"నీలం... రెండు."

మీకు ఇది అర్థం కావాలంటే మా ఇంటి పని ఒకటి చెప్పాల. కొత్త లుంగీ మొదలుపెట్టేటప్పుడు నిలువు దారాలు ఒక్కొక్కటిగా అచ్చులోకి ఎక్కించాల. అచ్చు అంటే పెద్ద దువ్వెన మాదిరి ఉంటాది. దానికి ఇద్దరు కావాల. వెనక కూర్చున్నోళ్లు దారం అందిస్తారు, ముందర కూర్చున్నోళ్లు కొక్కీతో లాగుతారు. ముందర మా నాయన. వెనక మా అమ్మ మునెమ్మ. నాయన రంగు, లెక్క పిలుస్తాడు. "తెలుపు నాలుగు." అమ్మ అందించి, "ఇచ్చినా," అంటాది. ఆయన లాగి, కొక్కీతో అచ్చు మీద ఒక దెబ్బ వేస్తాడు. టక్. అట్ల వేల దారాలు. అందించేటప్పుడు అమ్మ చెయ్యి మగ్గం కొయ్యకు తగిలి గాజులు గల్‌మంటాయి. నూలు ఇచ్చే షావుకారు వచ్చి అరవంలో మాట్లాడతాడు, నాయన అరవంలోనే బదులు చెప్తాడు. దారం లెక్క మాత్రం తెలుగులోనే. చిన్నప్పుడు నేను ఆ పిలుపులు వింటానే నిద్దరపోయేదాన్ని. తెలుపు నాలుగు... ఇచ్చినా... గల్... టక్.

అమ్మ చచ్చిపోయి ఆరేండ్లు.

నేను కదల్లా. పైన నాయన పిలస్తా ఉండాడు.

"తెలుపు... నాలుగు."

ఆగినాడు. బదులు కోసం ఆగినట్ల ఆగినాడు.

ఆ ఆగినదాంట్లో...

చెప్తా ఉండండి. నీళ్ల బాటిలు ఇట్లియ్యి.

ఆ ఆగినదాంట్లో... గల్.

చిన్నది. చాలా చిన్నది. మంచం కాళ్ల వైపునించి. మగ్గం వెనక మనిషి కూర్చునే వైపునించి.

టక్.

"నీలం... రెండు."

గల్.

టక్.

దేవుని పేర్లు అన్నీ మర్చిపోయినా. ఒక్కటీ నోటికి రాలా. మెల్లగా, చాలా మెల్లగా, చాప మీదినించి తల బయటికి పెట్టి చూసినా. మంచం కాళ్ల కాడ ఎవరూ లేరు. గోడ. గోడకు ఆనించిన స్టూలు. అంతే. సలైను స్టాండు లేదు, సాయంత్రమే తీసకపోయినారు. నా చేతికి గాజులు లేవు. మిషను కాడ గాజులు వేస్తే మన సూపర్‌వైజరు ఒప్పుకుంటాడా? అవ్వ చేతికి ఉండాయి. ప్లాస్టిక్‌వి. అవి మోగవు. అన్నీ అప్పుడే ఆలోచించినా, ఆ భయంలోనే. నేను తలకాయ లేనిదాన్ని కాదు.

మంచం కిందినించి బయటికి జరిగి లేసి కూర్చున్నా. నాయన మొహం కనిపించింది. కాళ్ల వైపు చూస్తా ఉండాడు. నోరు సగం పడిపోయింది కదా... మిగిలిన సగంతో నవ్వతా ఉండాడు. మూడు వారాల్లో నేను చూడని నవ్వు.

"ఎరుపు... ఒకటి."

ఆగినాడు.

ఏమీ రాలా. ట్యూబులైటు జుయ్‌మంటా ఉండె. అంతే.

"ఎరుపు... ఒకటి."

ఏమీ లేదు. ఆయన నవ్వు పోయింది. గోరు కమ్మి మీద నిలిచిపోయింది. కొట్టలా.

"ఎరుపు..." గొంతు వణికింది. "మునెమ్మా... ఎరుపు..."

ఓర్చుకోలేకపోయినా. భయం ఒక పక్క. ఆయన అట్ల అడగతా ఉంటే ఎవరూ బదులు చెప్పకపోయేది ఇంకో పక్క. నోరు తెరిచినా. "ఇచ్చినా," అన్నా. అమ్మ మాదిరే.

ఆయన తల తిరిగింది. మెల్లగా నా వైపు. నన్ను చూసినాడు. ఎవరో తెలిసి చూసే చూపు అది.

"నువ్వు కాదు," అన్నాడు.

నువ్వు కాదంటే... ఇంకెవరు? ఆ వైపు తిరిగి చూసే ధైర్యం నాకు రాలా. ఈ పొద్దుటికీ దానికి బాధపడతా ఉండా.

తరవాత ఏమనిపించిందో... ఆయన ఎడమ చెయ్యి పట్టుకున్నా. "నాయనా, నేను చెప్పేది అర్థమైతే నా చెయ్యి పిసుకు," అన్నా. తెలుగులో. పిసికినాడు. "ఇంగొకసారి, నాయనా." పిసికినాడు. "రెండుసార్లు పిసుకు." రెండుసార్లు.

అప్పుడు పోయింది భయం. దాని జాగాలో కోపం వచ్చి కూర్చుంది. మూడు వారాలు. మూడు వారాలు ఆ మనిషిని కొయ్య మాదిరి తిప్పినారు. నేనూ అందులో ఉండా. ఆ రేత్రి ఇంగ నిద్దర పోలా.

పొద్దున్నే డాక్టరమ్మ వచ్చింది. అన్న కూడా గుడియాత్తం నించి మొదటి బస్సుకు వచ్చేసినాడు. ఆమె కాగితం తీసి, కైయ తూక్కుంగ అనింది. నాయన ఆమె నోరు చూస్తా ఉండాడు. పెన్ను కాగితం మీదికి పోయింది.

"ఆగమ్మా, వేయొద్దు," అన్నా, అరవంలో. "ఈయన్ని తెలుగులో అడగాల."

ఆమె కాగితం తిప్పి చూసింది. "మీరే తమిళం అని రాయించినారు కదా," అనింది.

అన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. "వసంతా, నలుగురిలో పరువు తీయొద్దు. ఆయమ్మ చదువుకోనుండేది. ఆమెకి తెలిసినంత నీకు తెలుసా?"

"తెలీదు. నాకు మా నాయన తెలుసు," అన్నా. "నువ్వు హోము చూసింది ఈయన కోసమా, నీ కోసమా?" వార్డంతా తిరిగి చూసింది. చూడనీ. అన్ని రోజులు మా నాయన ఒంటిని చూసినారు, ఆ రోజు నా నోరు చూసినారు.

డాక్టరమ్మ కోపం చేసుకోలా. "సరే, మీరు అడగండి. కానీ చేతులు వెనక్కి కట్టుకోవాల. సైగ చేయకూడదు. ఏమి అడగాల్నో నేను చెప్తా," అనింది.

చేతులు వెనక్కి కట్టుకున్నా. ఆమె అరవంలో చెప్పింది, నేను తెలుగులో అడిగినా.

"నాయనా, కండ్లు మూసుకో."

మూసుకున్నాడు.

"కండ్లు తెరువు. ఎడం చెయ్యి ఎత్తు."

ఎత్తినాడు. నర్సు మందుల ట్రే పట్టుకోని అట్లే నిలబడిపోయింది.

తరవాతిది డాక్టరమ్మ అడగమనలా, నేనే అడిగినా. ఆయన కట్టుకోనుండేది ఆయన నేసిన లుంగీనే. తెలుపు మీద నీలం గళ్లు. దాంట్లో యాడో ఒక ఎర్ర దారం పోతాది, వెతికితే గానీ కనిపించదు. "నాయనా, ఎరుపు యాడుండాది?" అన్నా. ఎడమ చేత్తో లుంగీ పట్టుకున్నాడు. జరిపినాడు. ఇంకొంచెం జరిపినాడు. ఒక్క దారం మీద వేలు పెట్టి, తల ఎత్తి, నన్ను కాదు, డాక్టరమ్మను చూసినాడు. మా అన్న మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఆమె ఆ గడిలో తమిళం కొట్టేసింది. తరవాత నిదానంగా చెప్పింది. తల ఎడమ పక్క దెబ్బ తగిలితే కొందరికి మాట చెదిరిపోతాదంట. మాట పోయిందంటే తెలివి పోయిందని కాదంట. రెండు భాషలు మాట్లాడే వాళ్లకి ఒక్కోసారి ఒకటి ముందు తిరిగొస్తాది, ఇంకోటి తరవాత వస్తాది, ఏది ముందో ఎవరూ చెప్పలేరంట. వేలసార్లు నోటికి పట్టిన లెక్కలు, పిలుపులు నిలిచేది కూడా ఉండాదంట. అన్నీ చెప్పి, మా ఇద్దర్నీ చూసి అడిగింది. "ఇంట్లో తెలుగు మాట్లాడతారని మొదటి రోజే ఎందుకు చెప్పలేదు?"

ఏమని చెప్పాల? మీరైతే ఏమి చెప్పి ఉంటారు? మన ఇండ్లలో ఎవరికన్నా తెలుగు రాసేది వస్తాదా? నాకు రాదు. నాయనకు రాదు. సంతకం అరవం. రేషను కార్డు అరవం. పిల్లోళ్ల బడి అరవం. భాష అని అడిగితే చదివేది, రాసేదే అనుకుంటాం. ఇంట్లో మాట్లాడేదాన్ని ఎవరు లెక్కలో పెట్టినారు? అదొక్కటే కాదు. నలుగురు ఉండే చోట తెలుగు మాట్లాడితే మర్యాద కాదని అరవంలోకి మారిపోతాం. అన్న, నేను, మంచానికి ఆ పక్క ఈ పక్క నిలబడి, మా నాయనతో మూడు వారాలు అరవంలో మాట్లాడినాం. కన్న బిడ్డలం. నర్సు వింటా ఉండాదని. అందరి మీదా అరిచినా కదా... ఇది మాత్రం ఎవరి మీద అరవాల్నో నాకు తెలీలా.

హోము మాట పోయింది. ఆ రోజు నించే నేర్పించేది మొదలైంది.

అయితే ఇంకోటి ఉండాది. మధ్యాహ్నం కె.వి. కుప్పం అవ్వ సామాన్లు సర్దుకుంటా ఉండె. వాళ్లని ఇంటికి పంపిస్తా ఉండారు. పోతా పోతా నా చెయ్యి పట్టుకోని అరవంలో అనింది, "రాత్రంతా మీ నాయనతో ఎంత ఓపికగా మాట్లాడినావమ్మా. ఆయన ఒక మాట అంటే నువ్వు ఒక మాట. తెలుగు నాకు తెలీదు గానీ, వినేదానికి బాగుండె."

నేను ఆ లెక్కకు బదులిచ్చింది ఒక్కసారి. ఒక్క మాట. తరవాత అడిగిన మూడు మాటలకి ఆయన చెయ్యి పిసికినాడే గానీ నోరు తెరవలా. అవ్వ నిద్దర మత్తులో ఏమి వినిందో, ఏమి కలిపిందో. అడిగేలోపల ఆటో వచ్చేసింది.

ఇప్పుడు నాయన ఇంట్లోనే ఉండాడు. పైపు తీసేసినారు. నీళ్లు, చాలు, యాడ, వసంతా... ఇట్ల కొన్ని మాటలు వచ్చినాయి. అరవం ఇంకా సరిగ్గా రాలా. వారానికి రెండు మూడుసార్లు, దీపాలు పెట్టే వేళకి, మగ్గం ముందర కూర్చోబెట్టమంటాడు. ఎడమ చెయ్యి కొయ్య మీద పెట్టి పిలస్తాడు. "తెలుపు నాలుగు." పిలిచి ఆగతాడు. మగ్గం వెనక్కి చూస్తా ఆగతాడు.

పోయిన వారం అన్న వచ్చినప్పుడు అదే జరిగింది. "చూసినావా, అమ్మతో మాట్లాడతా ఉండాడు. తల పూర్తిగా పోయింది," అన్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "అన్నా, మూడు వారాలు ఆయన్ని అది చెయ్యి, ఇది చెయ్యి అని అడిగినాం. బదులు కోసం ఒక్కసారన్నా ఇంతసేపు ఆగినామా? చచ్చిపోయిన పెండ్లాం బదులుకు కూడా ఆగే మనిషాయన. తల పోయింది ఆయనకా, మనకా?" అన్నా. అన్న టీ తాక్కుండానే లేచి పోయినాడు.

నిన్న సాయంత్రం కూడా పిలిచినాడు. పొయ్యి మీద కూర ఉండె. మంట ఆర్పేసినా, సద్దు లేకుండా. "ఇచ్చినా" అని నేను అనలా. ఆ జాగా నాది కాదని ఆయనే చెప్పినాడు కదా. వాకిలి కాడ గోడకు ఆనుకోని నేనూ ఆగినా, ఆయనతో పాటు.

ఏమన్నా వినిపించిందా అని అడగొద్దు, ఫిలోమీ. డ్రైవరన్న వస్తా ఉండాడు. కొంచెం జరగండి, ఆయన టూలు పెట్టె లోపల పెట్టుకోవాల.